పెట్టె మనది, తాళం ఎవరిది?

ఒక ఊళ్ళో మహిళా సంఘం పాల కేంద్రం నడుపుతోంది అనుకుందాం. ఇది పాఠం కోసం అల్లిన కథే. కానీ ఇలాంటిది ఏ ఊళ్ళోనైనా జరగవచ్చు.

పాల కేంద్రం గుమ్మం పైన ఒక కెమెరా ఉంది. 7 ఏళ్ళ కిందట సంఘం డబ్బుతో కొన్నారు. దానిలో చిన్న దీపం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. "కెమెరా ఉంది కదా, మనకేం భయం?" అనుకునేవారు అందరూ.

ఒకరోజు లెక్క తప్పింది. పుస్తకంలో 6 క్యాన్లు రాసి ఉన్నాయి. డెయిరీకి చేరినవి 5 అన్నారు. ఒక క్యానుకు 40 లీటర్లు. లీటరు 50 రూపాయల చొప్పున 2000 రూపాయలు.

ఆ పొద్దున క్యాన్లు వ్యాను ఎక్కించింది ఎల్లమ్మ. అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి.

"నేను 6 క్యాన్లూ ఎక్కించాను. కావాలంటే కెమెరాలో చూడండి" అంది ఎల్లమ్మ. ఆమె గొంతు వణికింది.

సంఘం కార్యదర్శి జయమ్మ ఫోను తీసింది. కెమెరా యాప్ తెరిచింది. వాకిలి కనిపిస్తోంది. వాకిట్లో తిరిగే మేక కూడా కనిపిస్తోంది. కానీ పొద్దుటి వీడియో లేదు. నిన్నటిదీ లేదు. మొన్నటిదీ లేదు.

జయమ్మ కూతురు సుజాత పాలిటెక్నిక్ చదువుతోంది. ఆమె ఫోనులో పాత మెసేజీలు వెతికింది. 3 నెలల కిందట కెమెరా కంపెనీ నుంచి ఒక మెసేజి వచ్చి ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. ఎవరూ చదవలేదు. "మీ కెమెరా పాతది. దాని వీడియోలు ఇక మేము దాచము. కొత్త అప్‌డేట్లు కూడా ఇవ్వము" అని అందులో ఉంది.

ఎల్లమ్మ ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళిపోయింది. 3 రోజులు కేంద్రానికి రాలేదు.

గాదె ఎక్కడుంది?

సాయంత్రం సంఘం కూర్చుంది.

"కెమెరా పనిచేస్తూనే ఉంది కదా! మరి వీడియో ఏమైంది?" అని అడిగింది జయమ్మ.

"అమ్మా, చూసేది కెమెరా. దాచే చోటు వేరే" అంది సుజాత. "మన పొలంలో వడ్లు పండాయి. వాటిని ఎక్కడో దూరపు గిడ్డంగిలో దాచాం. గిడ్డంగివాడు తలుపు మూసేశాడు. అప్పుడు పొలం మనదే అయినా గింజలు చేతికి రావు. మన కెమెరా సంగతీ అంతే. వీడియో అంతా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లకు వెళ్ళేది. దాన్నే క్లౌడ్ అంటారు."

"ఇలా మనకు ఒక్కరికే జరిగిందా?"

"లేదమ్మా. అమెరికాలో డ్రాప్‌కామ్ అనే కెమెరా ఉండేది. 2014లో ఆ కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ కొన్నది. ఆ కెమెరాలో కార్డు పెట్టే చోటు లేదు. వీడియో అంతా కంపెనీ దగ్గరే ఉండేది. 2024 ఏప్రిల్ 8న దాని సేవ ఆపేశారు. ఆ సంగతి ఏడాది ముందే చెప్పారు. పాత వీడియోలు కావలసినవాళ్ళు ఆ తేదీలోపే దించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆ కెమెరాలు పనిచేయలేదు."

"అయితే మన కెమెరా కూడా పారేయవలసిందేనా?"

"తొందరపడొద్దు. ముందు మన ఇంట్లోనే గాదె కట్టుకోగలమేమో చూద్దాం" అంది సుజాత.

ఇంట్లో దాచుకునే దారులు

మొదటిది, కార్డు. ఇది గోరంత ఉంటుంది. చాలా కెమెరాలలో దీన్ని పెట్టే సందు ఉంటుంది. కొన్ని పాత కెమెరాలు పెద్ద కార్డును తీసుకోవు. ఎంత కార్డు పడుతుందో కెమెరా పుస్తకంలో చూడాలి. కెమెరా రాత్రీ పగలూ రాస్తుంది, చెరుపుతుంది. మామూలు కార్డు దానికి త్వరగా పాడవుతుంది. "హై ఎండ్యూరెన్స్" కార్డు కావాలని దుకాణంలో అడగాలి. కార్డుతో ఒక చిక్కు ఉంది. దొంగ కెమెరాను పీక్కుపోతే కార్డు కూడా పోతుంది.

రెండోది, రికార్డరు పెట్టె. దీన్ని ఎన్‌వీఆర్ అంటారు. ఇందులో హార్డ్ డిస్కు ఉంటుంది. కెమెరా గుమ్మం దగ్గర ఉంటే, పెట్టెను లోపలి గదిలో తాళం వేసి ఉంచవచ్చు. గాలి మాత్రం ఆడాలి. 4 కెమెరాల వీడియో కూడా ఒకే పెట్టెలో చేరుతుంది. అయితే పాత కెమెరా భాష ఈ పెట్టెకు అర్థం కావాలి. ఆ భాష పేరు "ఆన్‌విఫ్". డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూడాలి. కొనే ముందే కెమెరాను కలిపి చూపించమని అడగాలి.

మూడోది, పాత కంప్యూటరు. అందులో తగిన ప్రోగ్రాము వేస్తే అదే రికార్డరు అవుతుంది. తెలిసినవాళ్ళ సాయం కావాలి. కరెంటు ఖర్చు కూడా చూసుకోవాలి.

కొన్ని కెమెరాలు కంపెనీ కంప్యూటరు పలకకపోతే అసలు పనిచేయవు. వాటికి ఈ దారులు పనికిరావు. వాటిని మార్చక తప్పదు.

లెక్క చూద్దాం

వడ్లను బస్తాలతో కొలుస్తాం. వీడియోను జీబీలతో కొలుస్తారు. ఒక కెమెరా రాత్రీ పగలూ రాస్తే రోజుకు రమారమి 10 జీబీ అనుకుందాం. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత ఎక్కువ చోటు పడుతుంది.

128 జీబీ కార్డులో సుమారు 12 రోజుల వీడియో పడుతుంది. 1000 జీబీ డిస్కులో 1 కెమెరా వీడియో 100 రోజులు, 4 కెమెరాల వీడియో 25 రోజులు ఉంటుంది.

గాదె నిండితే ఏమవుతుంది? పాత వీడియో చెరిగి, ఆ చోట కొత్తది చేరుతుంది. అందుకే ఏదైనా జరిగితే ఆలస్యం చేయకూడదు. ఆ ముక్కను వెంటనే వేరే చోటికి కాపీ చేసుకోవాలి.

జాగ్రత్తలు

అప్‌డేట్లు ఆగిన కెమెరా గడియ లేని తలుపు లాంటిది. బయటివాళ్ళు ఇంటర్నెట్ ద్వారా లోపలికి తొంగి చూడవచ్చు. కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచమని మెకానిక్కును అడగాలి. మన పెట్టెలో రాయడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. కొన్నప్పటి పాస్‌వర్డు తప్పకుండా మార్చాలి.

వారానికి ఒకసారి నిన్నటి వీడియో తెరిచి చూడాలి. దీపం వెలిగితే చాలదు. తేదీ, గంట సరిగా ఉన్నాయా అని కూడా చూడాలి.

వీడియో కాపీని కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే దానితో ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షనులో ఈ మాట ఉంది.

ఎల్లమ్మ మాట

నాలుగో రోజు సంఘం సభ్యులు ఎల్లమ్మ ఇంటికి వెళ్ళారు.

"మెసేజి చదవకపోవడం మా తప్పు. మా తప్పుకు నిన్ను అనుమానించాం. ఏమీ అనుకోకు వదినా" అంది జయమ్మ.

ఎల్లమ్మ కొంచెంసేపు ఊరుకుంది. "ఆ రోజు వీడియో ఇక రాదు. మీరు అన్న మాటా వెనక్కి పోదు. రేపు ఇంకొకరిని అనకుండా చూడండి" అంది.

కెమెరాలో కార్డు పెట్టే సందు ఉంది. సుజాత కార్డు కొనుక్కొచ్చింది. దాని మీద అంకెలు చదివింది ఎల్లమ్మే. "నూట ఇరవై ఎనిమిది" అంది. దసరా తర్వాత రికార్డరు పెట్టె కొనాలని తీర్మానం రాశారు. ఆ పెట్టె తాళం ఎల్లమ్మ దగ్గర ఉండాలని కూడా రాశారు.

2 నెలలు గడిచాయి. మళ్ళీ ఒక క్యాను తక్కువ వచ్చిందన్నారు. ఈసారి ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. వీడియో తెరిచారు. 6 క్యాన్లూ వ్యాను ఎక్కాయి. ఆ వీడియో డెయిరీవాళ్ళకు చూపించారు. వాళ్ళు మళ్ళీ లెక్క చూసుకున్నారు. ఒక క్యాను పక్క ఊరి పేరున రాసుకున్నారని తేలింది.

"అప్పుడు కూడా ఇలాగే జరిగిందేమో!" అంది ఒకామె.

ఎవరూ బదులు చెప్పలేకపోయారు. ఎల్లమ్మ పుస్తకంలో 6 అని రాసి, సంతకం పెట్టింది.

ఆలోచించండి, చెప్పండి

1. కెమెరా పనిచేస్తున్నా వీడియో ఎందుకు దొరకలేదు?
2. రోజుకు 10 జీబీ చొప్పున 30 రోజుల వీడియో దాచాలంటే ఎన్ని జీబీల చోటు కావాలి? 128 జీబీ కార్డు సరిపోతుందా?
3. కార్డుకూ రికార్డరు పెట్టెకూ తేడా ఏమిటి?
4. మీ ఊళ్ళో దుకాణంలోనో, బడిలోనో కెమెరా ఉందా? దాని వీడియో ఎక్కడ దాస్తున్నారో అడిగి తెలుసుకోండి.
5. రుజువు లేకుండా ఒకరి మీద నింద వేయవచ్చా? మీ సంఘంలో మాట్లాడుకోండి.