కుక్కయు సంగటి కుండయు

వేదపాఠము: మార్కు 7:24–30



గడచిన కోతపండుగనాడు ఐరాలలో మా యింట జరిగిన సంగతితో ఈ పాఠము ఆరంభించుచున్నాము. ఆరాధనకు వెళ్లుచు వంటయింటి గడియ వేయుట మరచితిమి. తిరిగి వచ్చి చూడగా కూర తపేలా బోర్లపడియుండెను. కుక్క వాకిట చింతచెట్టు క్రింద పండుకొనియుండెను. మేము దానిని పిలిచి, తపేలా చూపి, కట్టెతో కొట్టితిమి. అది చెవులు వెనుకకు వంచి, తోక ముడుచుకొని నేలకు అంటుకొనిపోయెను. “చూచితిరా, తప్పు చేసినట్టు దానికే తెలియును” అని ఇంటివారితో అంటిమి.

వారము తిరుగకముందే దండెము మీది కరువాడు పోయినది. సంఘపెద్ద ఒకరు, “అయ్యగారూ, గోనెసంచిలో వేసి కాణిపాకము అవతల విడిచివత్తునా?” అని అడిగిరి. ఆలాగు విడువబడిన కుక్కను అక్కడి వీధికుక్కలు బ్రదుకనియ్యవని మన మెరుగుదుము. మా చిన్నవాడు ఆ మాట విని ఆ రాత్రి అన్నము ముట్టలేదు. అందుచేత పెద్దవారిని నాలుగు దినములు ఆగుమని చెప్పి, ఈ విషయమై కొంత చదివితిమి.

చదివినది మాకు సిగ్గు కలిగించినది. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పండితురాలు 14 పెంపుడు కుక్కలను పరీక్షించి 2009లో ఆ ఫలితములు ప్రచురించిరి. తినవద్దని చెప్పి యజమాని బయటికి పోవును. తిరిగి వచ్చునప్పటికి కుక్క తిన్నదో లేదో అతనికి ప్రతిసారి నిజము చెప్పరు. తప్పుచేసినట్టు కనబడు ఆ ముఖము యజమాని తిట్టినప్పుడు వచ్చెనే గాని, తిన్నందువలన రాలేదు. తినకయే తిట్లుతిన్న కుక్కలలో అది మరి యెక్కువగా కనబడెనట! మా కుక్క నేలకు అంటుకొనిపోయినది కూర జ్ఞాపకముచేత కాదు, మా చేతిలోని కట్టెచేత.

జూలియన్ కామిన్‌స్కి మొదలైనవారు 2013లో ప్రచురించిన మరియొక పరిశోధనలో, వద్దని చెప్పిన ఆహారము వెలుగులో నున్నప్పటికంటె చీకటిలో నున్నప్పుడు కుక్కలు దానిని ఎక్కువగా తీసికొనెను. కొట్టి మేము నేర్పినది “ముట్టకు” అని కాదు. “అయ్యగారు లేనప్పుడు ముట్టు” అనియే. పైగా దొరికిన కూరయే దానికి కూలి. పదిసార్లు వెదకి ఒకసారి దొరికినను, పదునొకండవసారి తప్పక వెదకును. కావున మొదటి పని కుక్కకు కాదు, మనకే: గడియ వేయవలెను, కుండ ఉట్టిమీద పెట్టవలెను.

పాఠభాగములోని సురోఫెనికయ స్త్రీ పలికిన కుక్కపిల్లలను గూర్చి ఒక మాట. గ్రీకు మూలములో అక్కడ వాడబడినది కుక్క అను మామూలు పదము కాదు, చిన్నకుక్క అను ముద్దుపదము. బల్ల క్రింద చోటుగల ఇంటి కుక్కలవి. పడిన ముక్క వాటికి దక్కునని ఆ తల్లి యెరుగును. మన యిండ్లలో తినుచు తినుచు చేతిముద్ద విసరుదుము. మరుసటి దినము అదే కుక్క పళ్లెములో మూతి పెట్టినయెడల తన్నుదుము. దాని పాలు దాని చిప్పలో, ఉదయము సాయంత్రము, ఒకే వేళకు పెట్టుట మేలు. ఆకలిచేత దొంగిలిన మనుష్యుని విషయములోనే సామెతలు 6:30 మెత్తగా మాటలాడుచున్నది గదా.

ఇక నేర్పు విధము. పిడికిటిలో రొట్టెముక్క మూసి పట్టుకొనవలెను. కుక్క నాకును, గీరును, పలుకవద్దు. అది విసిగి మూతి వెనుకకు తీసిన క్షణముననే “వదులు” అని, రెండవ చేతినుండి వేరొక ముక్క ఇయ్యవలెను. పిడికిటిలోనిది ఎన్నడును ఇయ్యరాదు. పిమ్మట అరచేయి తెరచి, తరువాత నేలమీద పెట్టి, చివరకు పళ్లెముతో ఆలాగే చేయవలెను. పూటకు అయిదు నిమిషములు చాలును. ఇంటిల్లపాదియు ఒకే మాట వాడవలెను. మా యింట అవ్వ “ఛీ పో” అనుచు, పిల్లలు “వద్దు” అనుచు ఉండుటచేత రెండు వారములు వ్యర్థమాయెను.

ఎర్రగడ్డలు వేసిన కూర కుక్కకు విషము వంటిది. ఉడికిన కోడియెముక చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. అయినను దాని నోటిలోనిది పిల్లలు లాగరాదు. కరచినయెడల, గాటు చిన్నదైనను, 15 నిమిషములు పారు నీటిలో సబ్బుతో కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసరు, కారప్పొడి పూయవద్దు.

ఇప్పటికి మూడు నెలలాయెను. సంగటి గెలుకుచుండగా కుక్క గడప అవతల కూర్చుండుచున్నది. పెద్దవారు గోనెసంచి మాట మరల యెత్తలేదు. అయితే మేము పొలము వైపు పోవుటకు చేతికఱ్ఱ తీసికొనునప్పుడెల్ల అది ఇంకను చింతచెట్టు వెనుకకు పోవుచున్నది. కఱ్ఱ క్రింద పెట్టి పిలిచిన పిమ్మటనే వచ్చును. రాత్రివేళ కుండను ఉట్టిమీదనే పెట్టుచున్నాము.