ఇంట్లోకి వరద నీరు వచ్చిందా? సాయం ఎంత, మరమ్మతు ఖర్చు ఎంత, ముందు ఏం చేయాలి

వాన తగ్గింది, నీళ్ళు తీసేశాయి. ఇంట్లో బురద, గోడల నిండా చెమ్మ, పాడైపోయిన సామాను. ఇప్పుడు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: "గవర్నమెంటు ఎంత ఇస్తుంది? బాగుచేయడానికి ఎంత అవుతుంది?" ఈ రెండూ ఒకటి కావని మొదటే తెలుసుకోండి. ప్రభుత్వం ఇచ్చేది తక్షణ సాయం మాత్రమే, మరమ్మతు ఖర్చు మొత్తం కాదు. అందుకే ఆ డబ్బు వచ్చేలా చూసుకోవడం ఎంత ముఖ్యమో, వచ్చింది వృథా కాకుండా ఖర్చు పెట్టుకోవడం కూడా అంతే ముఖ్యం.

1. సాయం ఎంత వస్తుంది?

రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇచ్చే సాయానికి కేంద్రం రేట్లు నిర్ణయిస్తుంది. 2022–26 కాలానికి ఖరారు చేసిన రేట్లు ఇవి:

• ఇల్లు పూర్తిగా లేదా తీవ్రంగా దెబ్బతింటే: మైదాన ప్రాంతంలో రూ.1,20,000, కొండ ప్రాంతంలో రూ.1,30,000
• పక్కా ఇల్లు కొంతమేర దెబ్బతింటే (కనీసం 15 శాతం నష్టం ఉండాలి): రూ.6,500
• కచ్చా ఇల్లు కొంతమేర దెబ్బతింటే (కనీసం 15 శాతం): రూ.4,000
• గుడిసె దెబ్బతింటే: రూ.8,000
• ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల కొట్టం: రూ.3,000
• ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా కూలినా, రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగినా: బట్టలకు రూ.2,500, వంట సామానుకు రూ.2,500

పెద్ద వరద వచ్చినప్పుడు రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ ప్రకటించవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, 179 సచివాలయాల పరిధిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు రూ.25,000, మొదటి అంతస్తు, ఆపై వాళ్ళకు రూ.10,000 చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. అదే నెల మున్నేరు ముంచెత్తిన ఖమ్మంలో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి రూ.16,500 ప్రకటించింది. ఇవి ఆ వరదకు ప్రత్యేకంగా ఇచ్చినవి. ప్రతి వరదకీ అంతే వస్తుందని లెక్క వేసుకోకండి.

2. కడిగే ముందు 10 నిమిషాలు ఆగండి

ఇల్లు కడిగేశాక నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఎవరికీ కనపడదు. అందుకని ముందు ఇవి చేయండి:

• గోడ మీద నీటి గీత కనిపించేలా ఫోటో తీయండి. పక్కన టేపు గానీ, ఎత్తు తెలిసే వస్తువు గానీ పెట్టండి.
• ప్రతి గదినీ, పాడైన ప్రతి వస్తువునూ ఫోటో తీయండి. ఇంటి నంబరు కనిపించేలా బయటి నుంచి ఒకటి తీయండి.
• గోడకు బీట ఉంటే దాని రెండు చివర్లా పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. వారం తర్వాత బీట గీత దాటి పెరిగిందంటే ఇంజినీరుకు చూపించాల్సిందే.
• ఫోటోలు ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి.

3. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు

సచివాలయం లేదా రెవెన్యూ సిబ్బంది వచ్చే సమయానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి. కాగితాలు తడిసిపోతే నంబర్లు చెప్పినా చాలు, కానీ కచ్చితంగా చెప్పాలి.

"నీళ్ళు వచ్చాయండీ" అని ఊరుకోవద్దు. ఎన్ని అడుగులు వచ్చాయి, ఎన్ని రోజులు ఉన్నాయి, పునాది కింద మట్టి కోసుకుపోయిందా, గోడ ఒరిగిందా అన్నీ చూపించండి. సాయం రూ.6,500 అవుతుందా, రూ.1,20,000 అవుతుందా అన్నది ఆ ఫారంలో ఏ గడిలో టిక్కు పడుతుందన్న దాని మీదే ఉంటుంది. రాసింది మీకు చదివి వినిపించమనండి.

అద్దెకు ఉంటున్నారా? గోడలకు జరిగిన నష్టం వేరు, మీ బట్టలు, సామాను నష్టం వేరు. మీ సామాను మీ పేరు మీద రాయించుకోండి. ఇంటి నష్టానికి ఇంకో షరతు ఉంది: అది అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి.

4. మరమ్మతు లెక్క వేసుకోవడం ఎలా?

ఒక ఉదాహరణ చూద్దాం. గది 10 అడుగులు × 12 అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. తలుపుకు 3 అడుగులు తీసేస్తే 41. నీళ్ళు 3 అడుగులు వచ్చాయి, చెమ్మ ఇంకో అడుగు పైకి పాకింది. అంటే 41 × 4 = 164 చదరపు అడుగులు.

మేస్త్రీ చదరపు అడుక్కి రూ.60 అడిగాడనుకుందాం (మీ ఊళ్ళో రేటు కనుక్కొని వేసుకోండి). ప్లాస్టరింగ్ మొత్తం కొట్టేసి మళ్ళీ చేయిస్తే 164 × 60 = రూ.9,840. ఒక్క గదికే!

కానీ మొత్తం కొట్టించాల్సిన పని చాలా ఇళ్ళలో ఉండదు. చిన్న కర్రతో గోడ అంతా తట్టి చూడండి. బోలుగా మోగిన చోట, చేత్తో రాస్తే పొడి రాలిన చోట సుద్దముక్కతో గీసుకోండి. అది 55 చదరపు అడుగులే అనుకుంటే ఖర్చు రూ.3,300. తేడా రూ.6,540. పక్కా ఇంటికి వచ్చే రూ.6,500 సాయం కంటే ఎక్కువే! చిన్న పని అని మేస్త్రీ రేటు కొంచెం పెంచినా మీకు లాభమే.

5. డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి?

మొదట కరెంటు. మెయిన్ ఆపేసి ఉంచండి. నీళ్ళలో మునిగిన స్విచ్‌బోర్డులు, ప్లగ్గులు వైర్‌మ్యాన్‌తో విప్పించి చూపించాకే కరెంటు వేయండి. ఫ్రిజ్, మోటారు, వాషింగ్ మెషీన్ "పనిచేస్తుందేమో" అని ఆన్ చేసి చూడొద్దు. ప్రాణానికే ప్రమాదం, ఉన్న వస్తువు కూడా కాలిపోతుంది.

రెండోది బురద. తడిగా ఉన్నప్పుడే గోడలు, నేల మంచినీళ్ళతో కడగండి. ఎండితే కూలీ రెట్టింపు. బ్లీచింగ్ పౌడర్ వాడేటప్పుడు బాత్రూమ్ యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది.

మూడోది ఆరబెట్టడం. దీనికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. కిటికీలు తెరిచి, బీరువాలు, మంచాలు గోడకు అడుగు దూరం జరపండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

నాలుగోది ప్లాస్టరింగ్, ఆ తర్వాతే రంగు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పండగ వస్తోందనో, చుట్టాలు వస్తారనో తడి గోడకే పుట్టీ పెట్టి పెయింట్ వేయిస్తారు. లోపలి చెమ్మ బయటికి పోలేక ఉప్పు పొంగి, పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది. మళ్ళీ ఖర్చే.

గోడ ఆరిందో లేదో ఇలా చూడండి: రెండు జానల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలు ఉంటే ఇంకా ఆరలేదు. అప్పటిదాకా ఆగలేకపోతే సున్నం వేయించండి. చవక, చెమ్మను బయటికి పోనిస్తుంది కూడా.

తలుపుల సంగతి: చెక్క తలుపు ఉబ్బి పట్టేస్తుంటే వెంటనే చిత్రిక పట్టించొద్దు. ఆరాక చాలావరకు మామూలుగా అవుతుంది. ఇప్పుడు చెక్కిస్తే అప్పుడు సందు పడుతుంది. ప్లైవుడ్ పొరలు విడిపోతే మాత్రం మార్చాల్సిందే.

6. జాబితాలో పేరు లేకపోతే? డబ్బు పడకపోతే?

• లబ్ధిదారుల జాబితా పెట్టగానే వెళ్ళి చూసుకోండి. పేరు లేకపోతే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోటోలు జత చేయండి.
• పేరు ఉండి డబ్బు పడకపోతే, మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింక్ అయి ఉందో బ్యాంకులో అడగండి. వాడని పాత ఖాతాలో పడి ఉండొచ్చు.
• అప్పటికీ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి ఆ రోజే జరుగుతాయి.

7. బీమా ఉందేమో చూసుకోండి

హోమ్ లోన్ తీసుకున్నవాళ్ళలో చాలామందికి ఇంటి బీమా ఉన్న సంగతే గుర్తుండదు. బ్యాంకులో అడగండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న "భారత్ గృహ రక్ష" పాలసీలో వరద నష్టం కవర్ అవుతుంది. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు ఇంట్లో సామానుకూ వర్తిస్తుంది. కంపెనీకి వెంటనే తెలియజేయండి. సర్వేయర్ చూసి వెళ్ళేదాకా పాడైన వస్తువులు పారేయొద్దు.

గుర్తుంచుకోండి: ముందు ఫోటో, తర్వాత కడగడం. ముందు కరెంటు, తర్వాత గోడ. ముందు ఆరడం, చివరికి రంగు.

మీ వీధిలో నీళ్ళు వచ్చిన ప్రతి ఇంటికీ ఈ పీడీఎఫ్ పంపండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి.