రహీం సారు ఫుట్‌బాల్ పాఠం

జూబ్లీహిల్స్ పక్కన అంత పెద్ద ఫిలింనగర్ ఉంది. అయినా మన హైదరాబాదు రహీం సారు కథని హిందీవాళ్ళే ‘మైదాన్’ అని సినిమా తీశారు, 2024లో. అంటే ఆయన పోయిన 61 ఏళ్ళకి!

సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులు, ఆపైన భారత జట్టు కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడి (మనలాగే!) యుగొస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయారు. 1956 మెల్‌బోర్న్‌లో బూట్లేసుకుని నాలుగో స్థానం తెచ్చారు.

సారు ఒక చిత్రమైన పోటీ పెట్టేవారు. వాటమైన కాలితో తన్నకూడదు, రెండో కాలితోనే తన్నాలి. అలా రెండు కాళ్ళూ పదునెక్కేవి.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది జూన్ 11న కాన్సర్‌తో పోయారు.

ఆదివారం మన గ్రౌండులో ఎడమకాలి ఆట. పేర్లు పీఈటీ సారుకి ఇవ్వండి.