నీలిచిత్రాలు – ప్రేమబంధం: పరిశోధనల్ని ఎట్లా చదవాలి?

వార్షిక సంచికలో ఇదేం విషయమని పెద్దలు కొందరు ముఖం చిట్లించవచ్చు. కాని ఇది హాస్టల్ గదుల్లో నడిచే చర్చే. ఒకప్పుడు నీలిచిత్రం చూడాలంటే పట్నం పోయి ఏ వీడియో పార్లర్లోనో దొంగచాటుగా కూర్చోవాల్సి వచ్చేది. 2016 తర్వాత డేటా చవకైంది. సిగ్నల్ అందితే చాలు, చర్ల అడవి అంచునైనా అదే బొమ్మ, హైదరాబాదులోనైనా అదే బొమ్మ. 2018లో కేంద్రప్రభుత్వం 827 వెబ్‌సైట్లను ఆపమని ఆదేశించినా చూసేవాళ్ళు ఆగలేదు. మరోవైపు "ఇవి చూసేవాళ్ళ ప్రేమ నిలవదని శాస్త్రవేత్తలు తేల్చారు" అంటూ పత్రికల్లో ముక్కలు వస్తుంటాయి. గణాంకశాస్త్ర విద్యార్థిగా నాకు ఆ "తేల్చారు" అన్న మాట మీదే పేచీ.

తరచుగా ఉదహరించేది 2012లో అమెరికాలో నథానియల్ లాంబర్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పత్రం. అందులో అయిదు అధ్యయనాలున్నాయి. మొదటిదాంట్లో 367 మందిని ప్రశ్నించారు. నీలిచిత్రాలు ఎక్కువ చూసేవాళ్ళలో తమ జోడీ పట్ల నిబద్ధత, అంటే ఈ బంధంలోనే ఉండిపోవాలన్న పట్టుదల, తక్కువగా కనిపించింది. బాగుంది. కాని చూడటంవల్ల నిబద్ధత తగ్గిందా, నిబద్ధత తగ్గినవాడు చూడటం మొదలుపెట్టాడా? లేక మూడోదేదో రెండింటినీ నడిపిస్తోందా?

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరికలు వెలువడే రోజుల్లోనే ఏజెన్సీ గూడేల్లో జ్వరాలూ పెరుగుతాయి. వరద చేరని గుట్టమీది గూడెంలో కూడా జ్వరం వస్తుంది. మరి దానికి గోదావరిని తిడదామా? రెంటికీ మూలం వాన. అట్లాగే ఒంటరితనం, ఇంట్లో తగాదాలు, జోడీకి దూరంగా ఉద్యోగం వంటివి ఒకవైపు మనిషిని ఫోనుకు అతికించగలవు, మరోవైపు ప్రేమనూ పలచన చేయగలవు.

లాంబర్ట్ బృందానికి ఈ చిక్కు తెలియక కాదు. అందుకే ఒక ప్రయోగం కూడా చేశారు. చీటీలు తీసినట్టు జనాన్ని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును మూడు వారాలు నీలిచిత్రాలు మానమన్నారు. రెండో జట్టును తమకిష్టమైన తినుబండారం మానమన్నారు. చివరకు చిత్రాలు చూస్తూనే ఉన్న రెండో జట్టులో నిబద్ధత తక్కువగా తేలింది. పద్ధతి సరైనదే. అయితే ఆ ప్రయోగంలో ఉన్నది మొత్తం ఇరవై మంది! మా హాస్టల్లో ఒక పంక్తికి అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. ఇంత చిన్న జట్టులో ఒకరిద్దరు ఆ వారం జోడీతో పోట్లాడి వచ్చినా సగటు ఒరిగిపోతుంది.

చిన్న నమూనాతో ఏమవుతుందో చెప్పే కథ ఇంకొకటుంది. 1989లో డగ్లస్ కెన్‌రిక్, ఆయన సహచరులు నగ్నచిత్రాలు చూపించాక మగవాళ్ళు తమ భార్యల మీద ప్రేమకు తక్కువ మార్కులు వేశారని ప్రకటించారు. దాదాపు ముప్ఫయ్యేళ్ళు పాఠ్యపుస్తకాల్లో ఆ మాట తిరిగింది. 2017లో రోండా బల్జరీని బృందం చాలా ఎక్కువమందితో, మూడుసార్లు అదే ప్రయోగం చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

ఇక 2018లో శామ్యూల్ పెర్రీ, సైరస్ ష్లైఫర్ చేసిన పని వేరే రకం. ఒకే మనుషుల్ని కొన్నేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ ప్రశ్నించిన అమెరికా జాతీయ సర్వే అది. రెండు విడతల మధ్య నీలిచిత్రాలు చూడటం మొదలుపెట్టిన వివాహితుల్లో విడాకుల అవకాశం 6 శాతం నుంచి 11 శాతానికి, స్త్రీలలోనైతే 16 శాతానికి పెరిగినట్టు కనిపించింది. పత్రికకు "విడాకులు రెట్టింపు" అన్న శీర్షిక దొరికింది. అబద్ధం కాదు. కాని అదే లెక్కను తిరగేస్తే, మొదలుపెట్టినవాళ్ళలోనూ నూటికి 89 మంది కలిసే ఉన్నారు. పైగా చూడటం ముందో, సంసారం చెడటం ముందో ఆ రెండు విడతల మధ్య కాలంలో కనబడదు.

ఈ అంకెలు ఇంటిదాకా వస్తే ఎట్లా ఉంటుందో నాకు నిరుడు తెలిసింది. మా మిత్రుడొకడికి సంబంధం కుదిరి నిశ్చితార్థమైంది. అతని ఫోనులో ఉన్నది ఆ అమ్మాయి కంటబడింది. పత్రికలో ఏదో చదివి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీరు లెక్కలు చదివారు గదా, ఈయన నన్ను వదిలేసే అవకాశం ఎంత?"

నేనన్నాను: "చెల్లెమ్మా, ఆ శాతం వేరే దేశంలో వేలమందిని కలిపి తీసింది. ఇతని సంగతి ఇతన్నే అడగాలి. ఎంతకాలంగా చూస్తున్నాడు, ఎందుకు దాచాడు, నువ్వు వద్దంటే ఏమంటాడు? ఇవి ఏ పట్టికలోనూ దొరకవు. నీకు గిట్టకపోతే సంబంధం వద్దనుకునే హక్కు నీకుంది. దానికి ఏ పరిశోధన సాక్ష్యమూ అక్కర్లేదు."

వాళ్ళేం తేల్చుకున్నారో ఇక్కడ రాయను. అది వాళ్ళ సొంత విషయం.

ఇది విని మగపిల్లలు సంబరపడాల్సిన పనిలేదు. "ఫలితం మళ్ళీ రాలేదట, ఇంకేం" అని నా ముందే చంకలు గుద్దుకున్నవాళ్ళున్నారు. రుజువు కాకపోవడమూ, హాని లేదని రుజువు కావడమూ ఒకటి కాదు. 2017లో టేలర్ కోహట్ బృందం జంటలనే నేరుగా అడిగితే "చెడు ప్రభావమేమీ లేదు" అన్న జవాబే అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. కాని జవాబిచ్చినవాళ్ళు కలిసి ఉన్నవాళ్ళు. విడిపోయినవాళ్ళు అందులో లేరు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు పొంగింది. అంతటి వరద తీశాక నిలిచిన ఇళ్ళను మాత్రమే లెక్కపెట్టి "నష్టం లేదు" అని రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? ఇక ఇష్టంలేకుండా తీసిన వీడియోలు, పిల్లల వీడియోల విషయంలో నిబద్ధత కొలతలతో పనే లేదు. అది నేరం.

అసలు నిబద్ధత అన్న మాటే తూచి చూడాలి. కెరిల్ రస్‌బుల్ట్ 1980ల నాటికే దానికి మూడు ఆధారాలు చెప్పింది: తృప్తి, వేరే దారి ఉందా లేదా అన్నది, బంధంలో అప్పటికే పెట్టింది ఎంత అన్నది. మన ఊళ్ళలో పెట్టినదాంట్లో కట్నం, మేనరికం, ఇరువైపుల పరువు కూడా కలుస్తాయి. తృప్తి సున్నా అయినా కాపురం నడుస్తుంది! కోయగూడేల్లో మరో తీరు. పొసగకపోతే పెద్దల ముందు విడిపోయి మారుమనువు చేసుకోవడాన్ని తప్పుపట్టరు. అమెరికా కళాశాల కుర్రాళ్ళకు తయారుచేసిన ప్రశ్నాపత్రం ఈ రెండు ఇళ్ళలో ఒకే వస్తువును కొలుస్తుందా?

అందుకని మా డిపార్టుమెంటు మిత్రులకు నాదొక సూచన. మనమే చేద్దాం. పేర్లు రాయని చీటీలు, ఆడపిల్లలకు వేరే గది. మొదటి ఏడు ఒకసారి, చివరి ఏడు మళ్ళీ ఒకసారి అడగాలి. రెండు చీటీలు ఒకరివేనని కలపడానికి ఎవరికి వారు పెట్టుకున్న గుర్తు ఒకటి చాలు. "చూస్తావా?" అన్నదానితో ఆపకుండా "దాస్తావా? తప్పనుకుంటావా?" అని కూడా అడగాలి. తప్పని నమ్ముతూ చూసేవాళ్ళ బాధ వేరని జాషువా గ్రబ్స్, పెర్రీ తదితరులు 2019లో రాశారు గనుక. ప్రశ్నలు తెలుగులో ఒక ప్రతి, కోయభాషలో ఒక ప్రతి. కోయ ప్రతికి దుమ్ముగూడెం, చర్ల నుంచి వచ్చిన మిత్రులు ముందుకు రావాలి.