అఫియేమి: విడిచిపెట్టుట
(పాఠ్యభాగము: మత్తయి 6:9–15)

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము "క్షమించుము" అని పలుకుచోట గ్రీకు మూలమందు "అఫెస్" అని యున్నది. ఇది "అఫియేమి" అను క్రియ యొక్క రూపము. "అపో" అనగా దూరముగా, "హియేమి" అనగా పంపుట. రెండును కలిసి పంపివేయుట, విడిచిపెట్టుట అను భావము నిచ్చుచున్నవి. క్రొత్త నిబంధనలో 140 సార్లకు పైగా కనబడు ఈ క్రియ అన్నిచోట్లను క్షమాపణను తెలుపదు. సీమోను, అంద్రెయ తమ వలలను విడిచిరి (మత్తయి 4:20). సీమోను అత్తను జ్వరము విడిచెను (మార్కు 1:31). దాసునికి యజమానుడు అప్పు విడిచెను (మత్తయి 18:27). మూడు చోట్లను క్రియ యొక్కటే. జ్వరము విడిచినదని మన యిండ్లలోను అందుము గదా! కాబట్టి క్షమించుట యనగా మనస్సు మెత్తబడుట మాత్రమే కాదు, పట్టుకొనియున్న దానిని వదలుట.

ఇక 12వ వచనములోని రెండవ భాగము కష్టమైనది. వాటికను ప్రతిలోను, సీనాయి ప్రతి మొదటి వ్రాతలోను "అఫేకమెన్" అని యున్నది. ఇది అయోరిస్టు రూపము. విడిచిపెట్టితిమి అని జరిగిపోయిన క్రియను తెలుపును. మన తెలుగు బైబిలులోని "క్షమించియున్న" అను మాట దీనికి సరిపోవుచున్నది. లూకా 11:4లోనైతే "అఫియోమెన్", అనగా విడిచిపెట్టుచున్నాము అని వర్తమానము.

పొలము గట్టు తగాదావలన పది సంవత్సరములు తమ్ముని గుమ్మము త్రొక్కనివాడు ఆదివారమున ఈ మాట నెట్లు పలుకును? ఇచ్చట మూలముననున్న అరామిక వాడుక "ఇదిగో, ఇప్పుడే విడుచుచున్నాము" అను భావముగలదని కొందరు పండితులు చెప్పుదురు. అది సాధ్యమే. అయితే ఆ వివరణ చాటున మనము దాగుకొనలేము. 15వ వచనము మనలను తప్పించుకొననియ్యదు. మన క్షమాపణ దేవుని క్షమాపణకు వెల యని తలంచుటయు సరికాదు. 18వ అధ్యాయములో ముందుగా విడిచినవాడు యజమానుడే; దాసుడు తన తోటి దాసుని గొంతు పట్టుకొనినది ఆ తరువాతనే.

ఈ "అఫెస్" అను రూపమే మత్తయి 5:24లోను కలదు. సహోదరునికి తనమీద విరోధమున్నదని బలిపీఠమునొద్ద జ్ఞాపకము వచ్చినవానితో ప్రభువు, అర్పణమును అక్కడనే విడిచి వెళ్లుమనెను. మనము దేవుని అడుగు మాటయు, ఆయన మనకు ఆజ్ఞాపించిన మాటయు అక్షరమైనను భేదము లేనివి.