జహీరాబాద్ ప్రాంత మహిళా సంఘాలు: ఒక పరిశీలన

వెనుకబడినవారికి బయటివారు చేసే సేవలో ఒక చిక్కు మొదటినుంచీ ఉన్నది. ధనం, యంత్రం, చదువు బయటినుంచి వచ్చినప్పుడు నిర్ణయాధికారం కూడా వాటి వెంటే వచ్చి పీట వేసుకొని కూర్చుంటుంది. ఆస్ట్రేలియా మూలవాసుల విషయంలో గాని, మన ఆదివాసుల విషయంలో గాని వినబడే ఫిర్యాదు ఇదే. దీనికి భిన్నమైన ఉదాహరణ కొరకు మనం దూరం పోనక్కరలేదు. 2016లో సిద్దిపేట, జహీరాబాద్ వేరువేరు జిల్లాల పాలైనవి గాని, అంతకు ముందు మనమంతా మెదక్ జిల్లావారమే.

జహీరాబాద్ సమీపాన పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. స్థాపకులలో ముఖ్యులైన పి.వి. సతీశ్ మైసూరుకు చెందినవారు. దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేసినవారు. 2023 మార్చిలో మరణించారు. సంఘాలలో చేరినవారిలో అత్యధికులు దళిత స్త్రీలు. కొద్దిపాటి మెట్టభూమి, రెక్కల కష్టం వారి ఆస్తి; పలువురికి అక్షరం రాదు. ఇరువురి నడుమ భాష, చదువు, బ్రతుకుతీరు అడ్డుగోడలై ఉండినవి.

ఆ రోజులలో రేషన్ దుకాణంలో బియ్యం దొరికేది. ఊరి చుట్టూ జొన్న పండవలసిన భూములు మాత్రం బీడుపడి ఉండేవి. 1990ల మధ్యకాలంలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇచ్చిన సొమ్ముతో సంఘాల స్త్రీలు ముప్పైకి పైగా గ్రామాలలో, రెండున్నర వేల ఎకరాలకు మించిన బీడును సాగులోకి తెచ్చారు. అప్పు పొందిన రైతు దానిని రూపాయలలో కాక జొన్నల రూపంలో కొన్నేండ్ల పాటు తీర్చవలెను. ఆ ధాన్యాన్ని ఊరిలోనే నిలువచేసి పేదలకు చౌకగా అమ్మారు. సొమ్ము బయటిదే, కాదనలేము. కాని పేదలెవరన్న విషయం ఎవరు తేల్చారు? ఈ పథకానికి ప్రాణం అక్కడ ఉన్నదని నా అభిప్రాయం. నేలమీద రంగుపొడులతో ఊరి పటం గీసి, ఏ ఇంటి పరిస్థితి ఏమిటో ఊరివారే నిర్ణయించారు. ఆదాయ ధ్రువపత్రం కొరకు కార్యాలయాల చుట్టూ తిరిగిన మన విద్యార్థులకు ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. కాగితం అబద్ధమాడవచ్చును, పొరుగింటామె ఎదుట నిలబడి అబద్ధమాడడం కష్టం.

తరువాత ఈ స్త్రీలు వీడియో కెమెరా పట్టారు. పాఠం చెప్పినవారు బయటివారే. పేర్లు పెట్టినది మాత్రం వీరు. పైనుంచి కిందికి తీసే దృశ్యానికి 'పటేల్ షాట్' అని పేరు, పటేలు చూపు అట్లా ఉంటుంది గనుక. కిందినుంచి పైకి తీసేది చాకిరి చేసే మనిషి చూపు. కన్నుకు కన్ను సమంగా నిలిపి తీసేది 'సంఘం షాట్', సంఘంలో అందరూ ఒకే చాపమీద కూర్చుంటారు గనుక. అలంకారశాస్త్రం బోధించే నావంటివానికి ఇంత క్లుప్తమైన నిర్వచనాలు అరుదుగా ఎదురౌతాయి.

రేడియో కథ మరింత దీర్ఘమైనది. యునెస్కో సహాయంతో 1998 నాటికే మాచ్‌నూర్ గ్రామంలో పరికరాలు సమకూడినవి గాని, ప్రసారానికి అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకొన్నది 2006లో. ఆ మధ్యకాలంలో స్త్రీలు పాటలు, విత్తనాల ముచ్చట్లు, పశువైద్యం టేపులపై భద్రపరచి, సంఘ సమావేశాలలో వినిపించుకొన్నారు. చివరకు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. ప్రారంభించినవారు జస్టిస్ పి.బి. సావంత్; 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరు. నడిపినవారు ఇద్దరు దళిత స్త్రీలు, ఇద్దరి పేరూ నర్సమ్మే. అందువల్ల ఒకరిని 'జనరల్' నర్సమ్మ అనీ, రెండవవారిని అల్గోల్ నర్సమ్మ అనీ పిలిచారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇక నా వృత్తికి తగిలే మాట ఒకటి. ఆ రేడియోలో పలికినది పత్రికల తెలుగు కాదు, ఆ ఊళ్ల తెలుగు. మన ప్రాంతపు ఆ తెలుగులో దవాఖాన, తారీఖు, జర వంటి ఉర్దూ పదాలు పరాయివి కావు. తాతలనాటి నుంచి ఇంటివే. అయినప్పటికీ, ఉర్దూ మాట్లాడే ఇండ్లనుంచి వచ్చిన మన విద్యార్థులు వ్యాసంలో 'దవాఖాన' అని వ్రాస్తే ఎన్నో ఏండ్లు ఎర్ర సిరాతో కొట్టివేసి, పైన 'వైద్యశాల' అని దిద్దినవాడిని నేనే. పరీక్షలో మార్కులు పోతాయన్న భయంతో చేసిన పని అది. కాని ఆ గీత పిల్లవాని నోటిమీద పడిందని నాకు అప్పుడు తోచలేదు. అదీ పటేలు చూపే.

వేసవి సెలవులకు ఊళ్లకు పోయే విద్యార్థులు తమ నానీనో, దాదీనో, ఇంటిపక్క అవ్వనో అడిగి, వారు ఎరిగిన జొన్నల, పప్పుల, ఆకుకూరల పేర్లు, వాటిని దాచే పద్ధతులు, వారు పలికిన మాటలలోనే వ్రాసి తీసుకొని రావలెను. తెలుగు లిపిలో గాని, ఉర్దూ లిపిలో గాని వ్రాయవచ్చును. ఆ నోటుపుస్తకాలపై ఎర్ర సిరా పడదు.