ట్రైలర్ అక్కడే ఇచ్చేసి రా అమ్మలూ

కొత్తపేట

చి.ల.సౌ. అమ్మలుకి,

 

సంక్రాంతికి మ్యూనిక్ నుంచి వచ్చేసి ఇక అమలాపురంలోనే ఉంటామని నువ్వు రాసిన దగ్గర్నుంచి మీ అమ్మకి కాలు నేల మీద నిలవడం లేదు. సామాను కంటైనర్లో వేసేలోగా ఒక్క సంగతి తేల్చమన్నావు. చంటాడి కోసం కొన్న సైకిల్ ట్రైలర్ తెచ్చుకోవాలా, సైకిలుకి వెనక సీటు బిగిస్తే చాలా, హెల్మెట్ ఎలాంటిది కొనాలి అని. చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. ట్రైలర్ తేవద్దు. సీటూ హెల్మెట్టూ అక్కడే కొనుక్కో. కొన్నా సరే, పిల్లాడికి ఏడాది నిండేదాకా రెండూ అటక మీదే ఉండాలి. ఇక కారణాలు.

వాడికిప్పుడు పదో నెల. కూర్చుంటున్నాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు అని మురిసిపోతూ రాశావు. చాప మీద కూర్చోవడం వేరు, తల మీద పావుకిలో బరువు మోస్తూ గతుకుల్లో కూర్చోవడం వేరమ్మా. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ ఇంకా లేత. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏడాది లోపు పిల్లల్ని సైకిల్ మీద ఎక్కించుకోవద్దంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో అది ఏకంగా చట్టం. మీ దగ్గర నెలల పిల్లల్ని కూడా ట్రైలర్లో పడుకోబెట్టి తిప్పుతారని నాకు తెలుసు. అక్కడి నున్నటి సైకిల్ దారుల్లో వాళ్లు తిప్పుకోనీ. అంబాజీపేట నుంచి ఇటు రావాలంటే ఎన్ని స్పీడ్ బ్రేకర్లో, ఎన్ని గోతులో నీకు నేను చెప్పాలా?

ట్రైలర్ చెడ్డదని నేననడం లేదు. చాలా ఆలోచించి చేసిన వస్తువు అది. నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి తొందరగా బోల్తా పడదు. సైకిల్ పక్కకి పడిపోయినా ట్రైలర్ నిలబడే ఉండేలా మధ్యలో కొక్కెం ఉంటుంది. పిల్లాడి భుజాలకీ నడుముకీ కాళ్ల మధ్యకీ కలిపి అయిదు చోట్ల బెల్టు, పైన కప్పు, చుట్టూ దోమతెర. దానికి తగ్గ దారి ఉన్న చోట అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఆ దారి మనకి లేదు.

ఒక్కసారి లెక్క వేసి చూడు. ఇద్దరు పిల్లలు పట్టే ట్రైలర్ వెడల్పు దాదాపు 80 సెంటీమీటర్లు. మన దేశంలో లారీ గానీ బస్సు గానీ 2.6 మీటర్ల వెడల్పు దాకా ఉండొచ్చు. ఒంటి వరస తారు రోడ్డు 3.75 మీటర్లు, లంక ఊళ్లలో చాలా చోట్ల 3 మీటర్లే. 3 మీటర్ల రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఎదురొస్తే నీకు మిగిలేది 40 సెంటీమీటర్లు. సైకిల్ అయితే దిగి, గడ్డిలోకి లాక్కుని నిలబడతావు. వెనకాల రెండు చక్రాల బండి కట్టుకుని ఎక్కడికి దిగుతావు? కొంచెం వెడల్పు రోడ్డయినా కోతల రోజుల్లో సగం మేర ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు పేరుస్తారు. ట్రైలర్ తిప్పేటప్పుడు లోపలి చక్రం అలాంటి రాయి ఎక్కితేనే బోల్తా పడుతుంది. ఇక 216 జాతీయ రహదారి సంగతి చెప్పనే అక్కర్లేదు. బోడసకుర్రు వంతెన మీదా చించినాడ వంతెన మీదా లారీల పక్కన పిల్లాణ్ని ట్రైలర్లో లాగుతానంటే నేను దారికి అడ్డం పడుకుంటాను.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. ట్రైలర్లో పిల్లాడి మొహం వీధికుక్క మొహానికి సమాన ఎత్తులో ఉంటుంది. ఆటో పొగ గొట్టమూ అదే ఎత్తు. పైగా వాడు నీ వెనకాల, నీ కంటికి కనపడకుండా ఉంటాడు. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కప్పు దించావంటే మన ఉక్కలో ఊపిరాడదు. నిజంగా ట్రైలర్ ముచ్చట తీరాలంటే ఏ కాలేజీ మైదానంలోనో గేటున్న కాలనీలోనో తిప్పుకోవాలి. దానికోసం కంటైనర్లో చోటు దండగ.

అందుకని వెనక సీటు. దాని గురించి మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని విను, ఎందుకంటే నర్సుగా పనిచేసినన్నాళ్లూ సైకిల్ దెబ్బలతో వచ్చిన చంటి పిల్లల్లో నేను ఎక్కువగా చూసింది తల దెబ్బ కాదు, కాలి మడమ. నాన్న వెనక క్యారియర్ మీద కూర్చుంటారు, నిద్ర వస్తుంది, కాలు స్పోకుల్లోకి జారుతుంది. చక్రం ఆగేలోపు మడమ చర్మం ఊడొస్తుంది. అది మానడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి చర్మం తెచ్చి అతకాలి. మీ జర్మనీలో ఏడేళ్ల లోపు పిల్లల్ని సైకిల్ మీద ఎక్కించుకోవాలంటే కాళ్లు స్పోకుల్లో పడకుండా అడ్డు ఉండి తీరాలని రోడ్డు నిబంధనల్లోనే రాశారు. మన దగ్గర మోటారు సైకిల్ వెనక చక్రం సగమైనా కప్పి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది, సైకిలుకి అది వర్తించదు. కాబట్టి నీ బాధ్యత నీదే. పాదం పెట్టుకోవడానికి గిన్నెలాంటి చోటూ, పాదానికి పట్టీ, కాలి పక్కన పూర్తి అడ్డూ ఉన్న సీటే తీసుకో. సీటు మీద ఇ.ఎన్. 14344 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉండాలి. వెనక సీట్లు సాధారణంగా 9 నుంచి 22 కిలోల పిల్లలకి.

ఇక్కడి సైకిల్ షాపుల్లో ముందు బారు మీద బిగించే చిన్న సీటు దొరుకుతుంది. మీ తాతగారు మిమ్మల్ని అలాగే తిప్పారని మీ అమ్మ వాదిస్తుంది, నాకు తెలుసు. దానికి బెల్టు ఉండదు, వీపుకి ఆసరా ఉండదు, పిల్లాడి పాదం ముందు చక్రం పక్కనే వేలాడుతుంది. ఆ రోజుల్లో ఈ రోడ్ల మీద ఇన్ని మోటారు బళ్లూ లేవు. వద్దని చెప్పు. మన నల్ల సైకిళ్ల సీటు కింద స్ప్రింగులుంటాయి కదా, నువ్వు కూర్చున్నప్పుడల్లా అవి నొక్కుకుంటాయి. వెనక కూర్చున్న పిల్లాడు వేలు పెట్టడానికి సరిగ్గా అందే ఎత్తు. వాటికి కవరు తొడిగించు, లేదా స్ప్రింగుల్లేని సీటు వేయించు. సైకిలుకి పక్క స్టాండు పనికిరాదు, రెండు కాళ్ల స్టాండే కావాలి. అది ఉన్నా సరే, కొట్లో ఏదో తీసుకొస్తానని పిల్లాణ్ని సైకిల్ మీద వదిలి వెళ్లొద్దు. చున్నీ నడుముకి చుట్టి కట్టుకో. వాణ్ని ఎక్కించే ముందు పది కిలోల బియ్యం సంచి సీట్లో కట్టి, సందుల్లో తిరిగి, బ్రేకు వేసి, దిగి, మలుపు తిప్పి చూసుకో. అల్లుడుగారూ అలాగే చెయ్యాలి, బాగా తొక్కడం వచ్చని ఊరుకోకూడదు.

హెల్మెట్ దగ్గరికి వద్దాం. బొమ్మ వేసి ఉందనో రంగు బాగుందనో కొనకు. లోపల థర్మోకోల్‌లాంటి గట్టి నురుగు ఉంటుంది, దెబ్బ తగిలితే అది నలిగి తల మీద పడే విసురుని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిందంటే ఇక ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే, పైకి ఏమీ కనపడకపోయినా మార్చెయ్యాలి. అందుకే ఎవరో వాడినది తీసుకోవద్దంటాను. లోపలి చీటీ మీద ఇ.ఎన్. 1078 గానీ ఇ.ఎన్. 1080 గానీ ఉందో లేదో చూడు. 1080 ప్రత్యేకంగా చిన్నపిల్లలది. హెల్మెట్ ఎక్కడైనా చిక్కుకుని పిల్లాడు వేలాడితే గడ్డం కింద పట్టీ దానంతటదే ఊడిపోతుంది. హెల్మెట్‌తోనే జారుడుబల్లా ఉయ్యాలా ఎక్కి మెడకి ఉరిపడి పిల్లలు పోయారు కాబట్టి తెచ్చిన ప్రమాణం అది. నువ్వు ఏ హెల్మెట్ కొన్నా సైకిల్ మీద నుంచి దించగానే వాడి తల మీంచి తీసెయ్యి, ఇంట్లో ఆడుకోవడానికి ఇవ్వకు.

కొలత కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు వేసి తీసుకో. ఏడాది మగపిల్లాడికి దాదాపు 46 సెంటీమీటర్లుంటుంది, రెండేళ్లకి 48. తొడిగాక ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి వాలిపోయి నుదురు బయటపడకూడదు. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం దగ్గర ఒక వేలు దూరాలి, రెండు దూరితే వదులు. మీరు వచ్చాక వాడపల్లి వెంకన్నకి వాడి పుట్టువెంట్రుకలు ఇవ్వాలనుకుంటున్నారు కదా. గుండు చేయించిన రోజు నుంచీ ఆ హెల్మెట్ వదులైపోతుంది, మళ్లీ బిగించు. పిలక వేసి దాని మీద హెల్మెట్ పెట్టడం, మెడలో తాయెత్తు దారం పట్టీ కింద నలగడం కూడా కూడదు. వెనక చదునుగా ఉన్న హెల్మెట్టే కొను. సీటు వీపు ఎత్తుగా ఉంటే వెనక ఉబ్బెత్తు హెల్మెట్ వాడి తలని ముందుకి తోస్తుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, నిద్రలో ఊపిరికి ఇబ్బంది. నిద్రపోయాడంటే ఆగు, ఎత్తుకో, ఇంటికి నడిచి వెళ్లు. ఇంకా, నీ నెత్తినా హెల్మెట్ ఉండాలి. వాడు నిన్ను చూసే పెట్టుకుంటాడు.

ఆ హెల్మెట్ స్కూటర్ మీదకీ పనికొస్తుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమలు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ల ఒంటికి కట్టే బెల్టు కావాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా హెల్మెట్ ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. మన ప్రమాణాలు తయారయ్యేదాకా ఇ.ఎన్. 1078, 1080 సైకిల్ హెల్మెట్లు చాలని అందులోనే ఉంది. చట్టం తొమ్మిది నెలలంటే నేను ఏడాది అంటున్నాను, పెద్దమ్మ మాట విను.

అన్నిటికన్నా నాకు భయం కాలువ. కాటన్ దొర కాలంలో తవ్విన కాలువల గట్లు, పడవలు లాక్కుంటూ మనుషులు నడిచిన దారులు, ఇప్పుడు తారు వేసి రోడ్లయ్యాయి. చాలా చోట్ల పిట్టగోడ లేదు. పిల్లాడు ఒక్కడే నీళ్లలో పడినా మునిగిపోతాడు, కానీ వెంటనే దూకితే చేత్తో అందుకోవచ్చు. సీట్లో బెల్టు కట్టి ఉంటే సైకిల్‌తో పాటు అడుక్కి పోతాడు. అందువల్ల గట్టు వస్తే దిగి, కాలువకి దూరంగా ఉన్న వైపు సైకిల్ ఉంచి, మధ్యలో నువ్వు నడువు. బస్సు హారన్ కొట్టినా ఎక్కొద్దు. ఆ బకిల్‌ని కళ్లు మూసుకుని ఒంటిచేత్తో తీయడం ఇంట్లోనే సాధన చెయ్యి, అల్లుడుగారి చేత కూడా చేయించు. నర్సాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడూ అంతే, ఎక్కేముందే పిల్లాణ్ని సీట్లోంచి తీసి చంకనెత్తుకోవాలి.

ఎండ సంగతి నీకు తెలిసిందే. పొద్దున్నే ఏడింటిలోపు, లేదా సాయంత్రం అయిదు దాటాక. కొబ్బరితోటలో నీడగా ఉందని చెట్టు కింద ఆగొద్దు. ఎండుమట్ట పడినా కాయ పడినా సైకిల్ హెల్మెట్ ఆపలేదు.

ఈ ఉత్తరం అల్లుడుగారికి చదివి వినిపించి, ట్రైలర్‌ని అక్కడ పసిపిల్లలున్న స్నేహితులకి ఇచ్చెయ్యి. సీటు కొనేముందు బరువు చీటీ, పాదాల అడ్డూ కనపడేలా ఫొటో తీసి నాకు పంపు, నేను చూసి సరేనన్నాకే డబ్బు కట్టు.

మీ పెద్దమ్మ